నాంపల్లి కోర్టు నుంచి ఎర్రగడ్డ వార్డుకు

(ధర్మనిధి స్మారక ఉపన్యాస పాఠం)



ఈ ఉపన్యాసం ఎవరి స్మృతిలో జరుగుతోందో మీ చేతుల్లోని ఆహ్వానపత్రంలో ఉంది. నాంపల్లి క్రిమినల్ కోర్టుల్లో నల్లకోటుతోనే జీవితం గడిపిన మనిషి ఆయన. పొగడ్తలు ఆయనకు గిట్టేవి కావని కుటుంబసభ్యులు ముందే హెచ్చరించారు కాబట్టి నేరుగా విషయంలోకి వస్తాను. నేను సర్కారు కొలువులో పనిచేసిన మనోవైద్యుణ్ణి. వకీళ్ళకూ డాక్టర్లకూ ఉమ్మడిగా తగిలే సంగతి ఒకటి ఎంచుకోమన్నారు. నేరం చేసిన మనోరోగిని ఎక్కడ ఉంచాలి, ఎవరి కాపలాలో ఉంచాలి, ఎప్పుడు వదలాలి అన్నది ఎంచుకున్నాను. మూడింటిలో చివరిదాని మీదే నా గొడవంతా.

మనం కూర్చున్న ఈ పేటకూ ఆ ప్రశ్నకూ చుట్టరికం ఉంది. అబిడ్స్ పెద్ద పోస్టాఫీసు దగ్గర బయల్దేరి నాంపల్లి స్టేషను మీదుగా రెడ్‌హిల్స్ దాకా నడవండి. రైలు దిగి ఎటు పోవాలో తెలియక స్టేషను దగ్గరే మిగిలిపోయిన మనుషులు తగులుతారు. యూసుఫైన్ దర్గా దారిలో, హిందువులు ముస్లిములన్న తేడా లేకుండా, మనసు చెదిరిన బిడ్డను వెంటబెట్టుకొచ్చిన తల్లులు తగులుతారు. క్రిమినల్ కోర్టుల ఆవరణలో వాయిదాకు తెచ్చిన విచారణ ఖైదీలు, వాళ్ళ చెయ్యి వదలని ఎస్కార్టు కానిస్టేబుళ్ళు ఉంటారు. రెడ్‌హిల్స్‌లో ఫోరెన్సిక్ సైన్స్ ల్యాబొరేటరీ ఉంది. కత్తి మీది రక్తం ఎవరిదో అక్కడ తేలుస్తారు. ఆ కత్తి పట్టినవాడి మనసు ఆ క్షణాన ఎలా ఉందో తేల్చే యంత్రం మాత్రం ఆ ల్యాబులో లేదు, ప్రపంచంలో ఏ ల్యాబులోనూ లేదు. ఆ పనిని కోర్టు ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి అప్పజెబుతుంది.

అప్పజెప్పేటప్పుడు కోర్టు అడిగే ప్రశ్న ఏది? ఇక్కడే మొదటి చిక్కు. ప్రశ్నలు మూడు, మూడింటికీ ఒకదానితో ఒకటి సంబంధం తక్కువ. నేరం జరిగిన క్షణంలో అతని మతి ఎలా ఉంది? ఈరోజు బోనులో నిలబడి తన కేసు తాను నడుపుకోగలడా? రేపు బయటికి వదిలితే ఎవరికైనా ప్రమాదమా? మొదటిది గతం, రెండోది వర్తమానం, మూడోది భవిష్యత్తు. నేరం చేసిన రోజున పూర్తిగా మతి తప్పినవాడు మందులతో ఆరు నెలల్లో కోలుకుని, ఎదుటివాళ్ళకన్నా తెలివిగా సమాధానాలు చెప్పవచ్చు. నేరం చేసినప్పుడు నిక్షేపంగా ఉన్నవాడు జైల్లో మతి కోల్పోవచ్చు. మూడింటికీ కలిపి 'మతిస్థిమితం లేదు' అని ఒక్క ముక్క రాసిచ్చే డాక్టరూ, దాన్నే చాలనుకునే కోర్టూ ఆ మనిషికి చేసే అన్యాయం చిన్నది కాదు.

మొదటి ప్రశ్నకు చట్టం నిన్నమొన్నటి దాకా భారత శిక్షాస్మృతి 84వ సెక్షను. 2024 జూలై 1 నుంచి అదే భారతీయ న్యాయ సంహితలో 22వ సెక్షను అయింది. అంకె మారింది, సారం మారలేదు. మతి తప్పిన కారణంగా తాను చేస్తున్నది ఏమిటో తెలియనివాడు, లేదా అది తప్పనీ చట్టవిరుద్ధమనీ తెలియనివాడు చేసిన పని నేరం కాదు. రోగం ఉన్నంత మాత్రాన సరిపోదు, ఆ రోగం ఆ తెలివిడిని మింగేసి ఉండాలి. అది చూపించాల్సిన బరువు నిందితుడిదే. అయితే ప్రాసిక్యూషనులాగా అనుమానానికి తావు లేకుండా రుజువు చెయ్యనక్కరలేదు, అవకాశాల త్రాసు ఇటు మొగ్గితే చాలు. 1964లో దహ్యాభాయి ఠక్కర్ కేసులో సుప్రీంకోర్టు ఈ మాట తేల్చింది. వకీలు మిత్రులకు ఇది కొత్త కాదు, డాక్టర్ల కోసం చెబుతున్నాను.

ఈ సెక్షను వెనుక 1843 నాటి లండను వీధి ఉంది. డేనియల్ మెక్‌నాటన్ అనే స్కాట్లండు చెక్కపనివాడు, టోరీ పార్టీ తనను వేటాడుతోందని నమ్మి, ప్రధాని రాబర్ట్ పీల్ కార్యదర్శి ఎడ్వర్డ్ డ్రమండ్‌ను కాల్చాడు. డ్రమండ్ చనిపోయాడు. మతి తప్పినవాడని జ్యూరీ మెక్‌నాటన్‌ను నిర్దోషిగా వదిలింది. దేశం గగ్గోలెత్తింది. విక్టోరియా రాణికి మరీ కోపం వచ్చింది. మూడేళ్ళ ముందు తన మీదనే పిస్తోలు పేల్చిన ఎడ్వర్డ్ ఆక్స్‌ఫర్డ్ అనే కుర్రవాడు కూడా ఇదే కారణంతో శిక్ష తప్పించుకున్నాడు మరి. ప్రభువుల సభ జడ్జీలను పిలిచి వరసగా ప్రశ్నలు వేసింది. వాళ్ళిచ్చిన జవాబుల నీడ 1860 నాటి మన శిక్షాస్మృతి మీద పడింది.

'వదిలింది' అన్నాను గాని, వదలలేదు. అసలు విషయం అక్కడుంది. అంతకు చాలా ముందే, 1800లో, జేమ్స్ హ్యాడ్‌ఫీల్డ్ అనే మాజీ సైనికుడు డ్రూరీ లేన్ థియేటర్లో మూడో జార్జి రాజు మీద కాల్పులు జరిపాడు. మతి తప్పినవాడని తేలింది. నిర్దోషి అయితే ఇంటికి పంపాలి కదా! రాజును కాల్చినవాణ్ణి ఇంటికెలా పంపుతారు? పార్లమెంటు హడావిడిగా ఒక చట్టం చేసింది. అలాంటి వారిని రాజుగారి చిత్తం ఎంతవరకో అంతవరకు కట్టడిలో ఉంచవచ్చునన్నది దాని సారాంశం. శిక్ష పడ్డవాడికి గడువు ఉంటుంది. నిర్దోషికి గడువు లేదు, ఏలినవారి దయ ఉంది. నేర మనోరోగి చరిత్ర అంతా ఈ ఒక్క వాక్యం చుట్టూనే తిరుగుతోందని నా నమ్మకం.

ఇలాంటి వారి కోసమే 1863లో ఇంగ్లండులో బ్రాడ్‌మూర్ తెరిచారు. బెర్క్‌షైరు కొండ మీద, జోషువా జెబ్ అనే సైనిక ఇంజనీరు గీసిన నక్షాతో కట్టారు. మొదట లోపలికి వెళ్ళింది ఆడవాళ్ళే. మెక్‌నాటన్‌ను బెత్లెం ఆసుపత్రి నుంచి అక్కడికి మార్చారు, ఏడాది తిరగ్గానే చనిపోయాడు. రాణి మీద పిస్తోలు పేల్చిన ఆక్స్‌ఫర్డ్ కథ వేరు. లోపల కూర్చుని భాషలు నేర్చుకున్నాడు, రంగులు వెయ్యడం నేర్చుకున్నాడు. మతి బాగుందని డాక్టర్లు ఏళ్ళ తరబడి చెబుతూనే ఉన్నా హోంమంత్రులు వదలలేదు. చివరికి 1867లో, మళ్ళీ దేశంలో అడుగుపెట్టకూడదన్న షరతుతో పంపేశారు. మెల్‌బోర్న్ చేరి, జాన్ ఫ్రీమన్ అని పేరు మార్చుకుని, చర్చి పెద్దగా, రచయితగా బతికాడు, ఆ ఊరి జీవితం మీద పుస్తకం కూడా రాశాడు. అదే ఆసుపత్రిలో అమెరికా సైనిక డాక్టరు విలియం మైనర్ 1872 నుంచి 1910 దాకా ఉన్నాడు. లాంబెత్‌లో దారినపోయే కార్మికుణ్ణి శత్రువనుకుని కాల్చి చంపినవాడు. గది నిండా పుస్తకాలు పేర్చుకుని ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీషు నిఘంటువుకు వేల కొద్దీ ఉదాహరణలు ఏరి పంపాడు. అతన్ని అమెరికా పంపే కాగితం మీద సంతకం చేసిన హోంమంత్రి విన్‌స్టన్ చర్చిల్. గమనించండి, మైనర్‌కు వైద్యం చేసింది డాక్టర్లు, వదిలింది మంత్రి.

అలాంటి ఆసుపత్రి లోపల జరిగేదేమిటి? సినిమాలు చూసినవాళ్ళకు కరెంటు షాకులూ, ఇనుప కటకటాలూ గుర్తొస్తాయి. ఇప్పుడు ఇంగ్లండులో అతి భద్రత ఆసుపత్రులు మూడు: బ్రాడ్‌మూర్, ర్యాంప్టన్, ఆష్‌వర్త్. స్కాట్లండులో కార్‌స్టెయిర్స్ ఉంది. వీటి కింద మధ్యస్థ భద్రత, తక్కువ భద్రత అని రెండు మెట్లున్నాయి. అక్కడ పనిచేసేవాళ్ళు భద్రతను మూడు రకాలుగా చెబుతారు. మొదటిది కట్టడం: గోడ, కంచె, ఒకటి మూసుకున్నాక గాని రెండోది తెరుచుకోని జంట తలుపులు, ఉరితాడు బిగించుకోవడానికి చోటివ్వని కుళాయిలూ కిటికీలూ. రెండోది పద్ధతి: భోజనం కాగానే చెంచాలు, కత్తులు లెక్కపెట్టి ఒక్కటి తగ్గినా ఎవరినీ కదలనివ్వకపోవడం, తాళంచెవి ఆవరణ దాటి పోకుండా చూడడం, సందర్శకుణ్ణి తనిఖీ చెయ్యడం. మూడోది మనుషులు. ఫలానా రోగి ఈ ఉదయం చాయ్ తీసుకోలేదు, నిన్న తల్లి ఫోను రాలేదు, పక్క మంచం వాడితో మాట్లాడడం మానేశాడు అని డ్యూటీ మారేటప్పుడు ఒక నర్సు ఇంకో నర్సుకు చెప్పే నాలుగు ముక్కలు. ఈ మూడోదే అన్నిటికన్నా గట్టిదని వాళ్ళు శిక్షణలో బోధిస్తారు. ఎందుకో ఊహించడం కష్టం కాదు. గోడ పారిపోయేవాణ్ణి ఆపుతుంది. లోపల నర్సు గొంతు పట్టుకోబోయేవాణ్ణి ముందుగా పసిగట్టేది అతన్ని ఎరిగిన మనిషే.

రెండో రకం ఎంత తేలిగ్గా కూలుతుందో బ్రాడ్‌మూరే చూపించింది. జిమ్మీ శావిల్ అనే టీవీ తారకు పేరు ప్రతిష్ఠలు చూసి ఆ ఆసుపత్రి తాళంచెవులిచ్చారు, 1988లో పాలక బృందంలో కూడా కూర్చోబెట్టారు. అతను చనిపోయాక గాని, అక్కడి రోగులను అతను చెరిచిన సంగతి విచారణలో బయటపడలేదు. గోడ రోగుల వైపు చూస్తూ నిలబడింది, ప్రమాదం గేటులోంచి దర్జాగా నడిచి వచ్చింది. ఇక భద్రత అంటే గొలుసే అనుకున్న చోట ఏమైందో మనకు దగ్గర్లోనే సాక్ష్యం ఉంది. 2001 ఆగస్టు 6న తమిళనాడు ఏర్వాడిలో ఒక ప్రైవేటు ఆశ్రమంలో మంటలు లేస్తే, గొలుసులతో కట్టేసి ఉన్న మనోరోగులు కదలలేక కాలిపోయారు. 28 మంది.

మన ఊరికి వస్తాను. నిజాం రాజ్యంలో మానసిక ఆసుపత్రి చాలాకాలం జాల్నాలో ఉండేది. మరాఠ్వాడా ఊరది, ఇప్పుడు మహారాష్ట్రలో ఉంది. హైదరాబాదులో మతి తప్పిన మనిషిని అంత దూరం తరలించేవారు. పోలీసు చర్య తరవాత, 1950ల్లో అది ఎర్రగడ్డకు వచ్చింది. ఆంధ్ర ప్రాంతానికి విశాఖ చినవాల్తేరులో ఆంగ్లేయుల కాలం నుంచీ ఇంకొకటి ఉంది. బ్రాడ్‌మూర్ వంటి ప్రత్యేక ఆసుపత్రి మన రెండు రాష్ట్రాల్లో దేనిలోనూ లేదు. మనకున్నది సాధారణ ఆసుపత్రిలోనే ఖైదీల కోసం విడిగా పెట్టిన వార్డు. తలుపు బయట పోలీసు, తలుపు లోపల సిస్టరమ్మ. ఒకరికి రోగి పారిపోకూడదు, ఇంకొకరికి రోగి బాగుపడాలి. ఇద్దరూ ఇద్దరు వేర్వేరు అధికారులకు జవాబు చెప్పుకోవాలి. ఆ గడప దగ్గర జరిగే రోజువారీ తగువులు చెప్పుకుంటూ పోతే ఈ సాయంత్రం చాలదు.

కోర్టు ఉత్తర్వుతో, ఎస్కార్టుతో నిందితుడు వస్తాడు. కొన్నాళ్ళు పరిశీలనలో ఉంచుతాం. డాక్టరు రోజుకు అరగంట మాట్లాడితే గొప్ప. మిగతా ఇరవై మూడున్నర గంటలూ చూసేది నర్సులూ వార్డు బాయిలూ. నిజమైన రోగమా, శిక్ష తప్పించుకునే నటనా అన్నది వకీళ్ళందరూ అడిగే ప్రశ్న. నటించేవాడు సామాన్యంగా అతి చేస్తాడు. డాక్టరు రౌండ్లకు రాగానే గోడలతో మాట్లాడతాడు, వెళ్ళగానే పక్కవాడిని బీడీ అడుగుతాడు. రోజులో అడిగిన ప్రతిదానికీ తప్పు జవాబే చెప్పడానికి కూడా సరైన జవాబు తెలిసి ఉండాలి, అక్కడ దొరికిపోతాడు. నిజమైన స్కిజోఫ్రీనియా రోగి చాలాసార్లు తన రోగాన్ని దాచిపెడతాడు. తనకు వినిపించే గొంతుల గురించి అడిగితే 'ఏం లేదు సార్, నిద్ర పట్టట్లేదు అంతే' అంటాడు. రాత్రి రెండు గంటలకు నటించడం ఎవరి తరమూ కాదు. అందుకే నైట్ డ్యూటీ సిస్టరు రాసిన రెండు పంక్తులు నా నాలుగు పేజీల రిపోర్టుకన్నా విలువైనవి. కోర్టులో ఆ రిజిస్టరు తెప్పించమని అడిగే వకీలు మాత్రం అరుదు.

విచారణకు తగినవాడా అన్న రెండో ప్రశ్నకు మేము అడిగేవి చాలా మామూలు మాటలు. నీ మీద కేసేమిటి? ఆ ఎత్తుగా కూర్చున్నాయన ఎవరు? నీ వకీలు పనేమిటి? ఒప్పుకుంటే ఏమవుతుంది, ఒప్పుకోకపోతే ఏమవుతుంది? సాక్షి అబద్ధం చెబుతుంటే వకీలు చెవిలో చెప్పగలవా? వీటికి తగిన జవాబులిస్తే విచారణ సాగవచ్చు. ఇవ్వలేకపోతే వాయిదా పడుతుంది. ఈ తంతు క్రిమినల్ ప్రొసీజర్ కోడులో 328 నుంచి 339 వరకూ ఉండేది, ఇప్పుడు భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 367 నుంచి 378 వరకూ ఉంది. ఇందులో 2009 ప్రాంతపు సవరణ ఒకటి మంచిది. వైద్యంతోపాటు బయట ఉండగలిగిన నిందితుణ్ణి, బంధువో స్నేహితుడో పూచీ ఇస్తే, మందులు ఇప్పిస్తామని మాట ఇస్తే, బెయిలు మీద వదలవచ్చు. కేసులో ప్రాథమిక ఆధారమే లేదనిపిస్తే, మతి బాగయ్యేదాకా ఆపకుండా అప్పుడే కొట్టెయ్యవచ్చు.

కాగితం మీద ఇంత బాగుంది. ఆచరణలో మనిషి చంచల్‌గూడ జైలుకూ ఎర్రగడ్డ వార్డుకూ మధ్య షటిల్ రైలులా తిరుగుతాడు. వార్డులో మందులు వేళకు పడతాయి, నెలకో రెండు నెలలకో కుదుటపడతాడు. 'తగినవాడు' అని రాసి పంపుతాం. జైల్లో మందు ఒకరోజు అందుతుంది, ఒకరోజు అందదు, ఒకరోజు తనే ఉమ్మేస్తాడు. కేసు వాయిదాకు వచ్చేసరికి మళ్ళీ మొదటికొచ్చి ఉంటాడు. జడ్జిగారు మళ్ళీ మాకు రాస్తారు. ఇలా తిరిగినన్నాళ్ళూ విచారణ మొదలే కాదు. దొంగతనం కేసులో నేరం ఒప్పుకున్నవాడు శిక్ష ముగించుకుని ఇంటికెళ్ళిన తరవాత కూడా, అదే కేసులో మతి తప్పిన సహనిందితుడు విచారణ ఖైదీగానే ఉండిపోగలడు. ఏ ఒక్కరూ తప్పు చెయ్యలేదు చూడండి. డాక్టరు నిజమే రాశాడు, జైలరు కోర్టు చెప్పినట్టే చేశాడు, కోర్టు చట్టం చెప్పినట్టే వాయిదా వేసింది.

ఈ దారి చివరికి ఎక్కడ తేలుతుందో మచాంగ్ లాలుంగ్ జీవితం చెబుతుంది. అస్సాంలో మోరిగావ్ జిల్లా సిల్‌చాంగ్ గ్రామపు తివా గిరిజనుడు. 1951లో, ఇరవై మూడేళ్ళ వయసులో, గాయపరిచాడన్న ఆరోపణ మీద పట్టుకుని తేజ్‌పూర్ మానసిక ఆసుపత్రికి పంపారు. 1967 నాటికి బాగున్నాడని డాక్టర్లు చెప్పారు. ఇంటికి పంపడానికి బదులు జైలుకు పంపారు. అక్కడ మరిచిపోయారు. 2005లో, రూపాయి పూచీకత్తు మీద, బయటికొచ్చాడు. యాభై నాలుగేళ్ళు. విచారణ ఒక్కరోజు జరగలేదు. బయటికొచ్చి రెండేళ్ళకే చనిపోయాడు. ఆ కేసును పట్టుకుని సుప్రీంకోర్టు 2007లో కొన్ని ఆదేశాలిచ్చింది. మనోరోగి అయిన నిందితుణ్ణి ఆసుపత్రిలో ఉంచితే అతని స్థితి మీద నివేదికలు ఎప్పటికప్పుడు కోర్టుకు రావాలి, రాకపోతే కోర్టే అడిగి తెప్పించుకోవాలి. అంతకు పాతికేళ్ళ ముందు బీహారు హజారీబాగ్ జైలు ఖైదీల విషయంలో, వీణా సేథీ కేసులో, జస్టిస్ భగవతి ఇదే బాధతో రాశారు. 1993లో షీలా బర్సే కేసులో, ఏ నేరమూ చెయ్యని మనోరోగిని జైల్లో పెట్టడమే రాజ్యాంగ విరుద్ధమని తేల్చారు. తీర్పులకు కొదవలేదు మనకు.

నిర్దోషి అయిన తరవాత సంగతి ఇంకా విచిత్రం. పాత 84, ఇప్పటి 22వ సెక్షను కింద నిందితుడు గెలిచాడనుకోండి. పని అతనే చేశాడు, కాని నేరం కాదు అని జడ్జి స్పష్టంగా రాయాలి. ఆ తరవాత రెండే దార్లు: సురక్షితమైన కట్టడిలో ఉంచడం, లేదా జామీను ఇచ్చే బంధువుకు అప్పగించడం. బంధువు రాలేదా? చాలాసార్లు చనిపోయినవారు కూడా ఆ ఇంటివారే. భార్యను చంపినవాడి కోసం బావమరిది వస్తాడా? తల్లిని చంపిన కొడుకును తండ్రి తీసుకెళతాడా? అప్పుడు అతను ఉండిపోతాడు. బాగయ్యాడని డాక్టర్లు ధ్రువీకరించినా విడుదల ఉత్తర్వు ఇవ్వాల్సింది రాష్ట్ర ప్రభుత్వం. 1800లో ఇంగ్లండు రాజుగారికి కట్టబెట్టిన చిత్తం మన నాగరిక్ సురక్షా సంహితలో 377వ సెక్షనుగా సచివాలయంలో ఒక సెక్షను ఆఫీసరు బల్ల మీద కూర్చుంది. గడువు లేదు, తప్పనిసరిగా మళ్ళీ వినాల్సిన తేదీ లేదు.

ఈ చిత్తాన్ని ఇంగ్లండు వదులుకున్న తీరు మనం తెలుసుకోవాలి. బ్రాడ్‌మూర్ నుంచి షరతుల మీద విడుదలై ఉద్యోగం చేసుకుంటున్న ఒక మనిషిని 1974లో హోంమంత్రి ఉత్తర్వుతో మళ్ళీ లోపల వేశారు. కారణాలు సరిగా పరిశీలించే అధికారం ఏ న్యాయస్థానానికీ లేకపోయింది. కేసు స్ట్రాస్‌బర్గ్‌లోని ఐరోపా మానవ హక్కుల న్యాయస్థానానికి ఎక్కింది. పేరు బయటపెట్టకుండా ఎక్స్ అని మాత్రమే రికార్డుకెక్కించారు. 1981లో తీర్పు వచ్చింది: మనోరోగం పేరిట బంధించిన మనిషిని ఇంకా బంధించి ఉంచాలా అని ఎప్పటికప్పుడు తేల్చాల్సింది మంత్రి కాదు, స్వతంత్రమైన న్యాయస్థానం లాంటి సంస్థ. దాంతో 1983 చట్టంలో ట్రిబ్యునళ్ళకు వదిలే అధికారం ఇచ్చారు. జడ్జి, డాక్టరు, ఈ రెండూ కాని మరొకరు కూర్చుంటారు. రోగికి వకీలుంటాడు. లోపల గోడ ఏమీ తగ్గలేదు. కాని గోడకు ఒక క్యాలెండరు తగిలించారు.

ఇంతసేపూ లోపలివాడి పక్షాన్నే మాట్లాడానని మీలో కొందరికి అనిపిస్తూ ఉండాలి. చనిపోయినవాళ్ళ పక్షాన కూడా మాట్లాడాలి. మనోరోగుల్లో అత్యధికులు ఎవరి జోలికీ పోరు, దెబ్బలు తినేవాళ్ళే ఎక్కువ. నిజమే. కాని ఇవాళ్టి నా విషయం ఆ అత్యధికులు కాదు. ప్రాణం తీసిన ఆ కొద్దిమంది గురించి మాట్లాడుతున్నాం. 'వాడు మందులు మానేస్తే మళ్ళీ నా ఇంటికొస్తాడు' అని ఒక తల్లి అన్నప్పుడు ఆమెకు హక్కుల పాఠం చెప్పడానికి నాకు నోరు రాదు. ఆమె భయానికి జవాబు ఉండాలి. అతను ఎక్కడుంటున్నాడు, ఇంజక్షను ఏ తేదీన పడింది, పడకపోతే ఎవరు వెళ్ళి తలుపు తడతారు, ఈ ఊరికి రాకూడదన్న షరతు ఉందా అని. షరతులతో విడుదల అంటే ఇదే. మన దగ్గర ఉన్నవి రెండే స్థితులు. పూర్తిగా లోపల, లేదా పూర్తిగా బయట. మధ్యలో ఏమీ లేదు కాబట్టే ప్రభుత్వమూ, డాక్టరూ, జడ్జీ అందరూ 'లోపల' అనే రాస్తారు. నేనూ అలాగే రాసేవాణ్ణి, నా సంతకం మీద ఎవరి ప్రాణం పోతుందోనన్న భయంతో.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఈ మధ్య మెట్లకు అవకాశం ఇచ్చింది. 19వ సెక్షను సమాజంలో బతికే హక్కు చెబుతుంది, కుటుంబం వదిలేసినవారికి ఆశ్రయం ఏర్పరచాల్సిన బాధ్యత ప్రభుత్వం మీద పెడుతుంది. గొలుసులు 95వ సెక్షనుతో నిషిద్ధం. 97 ప్రకారం ఒంటరి గదిలో బంధించడం కుదరదు, కట్టేయడం వేరే దారి లేనప్పుడే, మనోవైద్యుడి అనుమతితోనే, అవసరమైనంతసేపే. జిల్లా జడ్జి అధ్యక్షతన ఆరుగురితో సమీక్షా బోర్డులు వస్తాయి, అందులో ఇద్దరు రోగులో, రోగిని సాకినవాళ్ళో, ఈ రంగంలో పనిచేసే స్వచ్ఛంద సంస్థలవాళ్ళో ఉంటారు. ఇవన్నీ బాగా తెలిసిన సంగతులు. నాకిష్టమైనది 103వ సెక్షను. ప్రతి రాష్ట్రంలో కనీసం ఒక జైలు వైద్య విభాగంలో మానసిక చికిత్సా కేంద్రం ఉండాలంటుంది. దానికన్నా పదునైన ముక్క ఇంకొకటుంది. ప్రతి జైలు డాక్టరూ మూడు నెలలకొకసారి, 'ఈ జైల్లో మనోరోగి ఎవరూ లేరు' అని ధ్రువీకరిస్తూ బోర్డుకు నివేదిక పంపాలి. ఉంటే? ఎందుకు ఉన్నాడు, ఆసుపత్రికి ఎందుకు పంపలేదు అని అడగడానికి బోర్డు జైలుకు వెళ్ళవచ్చు. ఈ కాగితం ఒక్కటి నిజాయితీగా కదిలితే మచాంగ్ లాలుంగ్‌లు ఉండరు. ఇక్కడున్న వకీళ్ళలో ఎందరు తమ కక్షిదారు కోసం ఆ నివేదిక కాపీ అడిగారో వాళ్ళకే తెలియాలి.

అయితే ఒక చిక్కు మిగిలి ఉంది. ఆరోగ్య చట్టం ఒక దారిన పోతోంది, నేర విచారణ సంహిత ఇంకో దారిన పోతోంది. బోర్డు మామూలు రోగి విడుదలను సమీక్షించగలదు. కోర్టు పంపిన రోగి విడుదల మళ్ళీ కోర్టు, ప్రభుత్వం చేతుల్లోకే వెళుతుంది. 2023లో మూడు నేర చట్టాలూ కొత్తగా రాసినప్పుడు ఈ రెండింటికీ ముడి వెయ్యడానికి మంచి అదను దొరికింది. వెయ్యలేదు. సెక్షన్ల అంకెలు మార్చుకుని మళ్ళీ కంఠస్థం చెయ్యడం మాత్రం మన వంతయింది.

తెలంగాణకు బ్రాడ్‌మూర్ కావాలా అని నన్ను అప్పుడప్పుడు అడుగుతుంటారు. అంత పెద్దది వద్దు. కట్టిన పడకలు ఖాళీగా ఉండవు, చిన్నచిన్న కేసులవాళ్ళతో నింపేస్తారు. నిజంగా అతి భద్రత అవసరమైనవారు ఏ రాష్ట్రంలోనైనా కొద్దిమందే. ఆ కొద్దిమందికి శిక్షణ పొందిన నర్సులతో చిన్న విభాగం చాలు. దాని పక్కనే తక్కువ భద్రత వార్డు, బయట ఒకటి రెండు ఆశ్రయ గృహాలు, తప్పనిసరిగా ఏడాదికొకసారి ప్రతి కేసూ వినే బోర్డు ఉంటే మెట్లు పూర్తవుతాయి. కట్టడం మీద పెట్టే డబ్బులో సగం నర్సుల మీద పెట్టండి.

ఎక్కడ కట్టాలన్నది మాత్రం నాకు గట్టి పట్టింపు. ఊరవతల భూమి చవక అని ఎక్కడో చెర్లపల్లి దాటించి కడదామంటారు. జాల్నా చేసిన పని అదే, బెర్క్‌షైరు కొండ చేసిన పనీ అదే. దూరమైన ఆసుపత్రికి మొదట బంధువులు రావడం మానేస్తారు, తరవాత మంచి డాక్టర్లు మానేస్తారు, ఆఖరికి వకీళ్ళు మానేస్తారు. ఎర్రగడ్డ ఆవరణలోనే కట్టండి. ఉస్మానియా మెడికల్ కాలేజీ విద్యార్థులు అక్కడికి ఎలాగూ వస్తారు. జిల్లా నుంచి నాంపల్లి స్టేషనులో దిగిన తల్లి అక్కడే మెట్రో ఎక్కితే, రైలు మారకుండా ఎర్రగడ్డలో దిగుతుంది. కొడుకును చూసి, సాయంత్రం బండికి తిరిగి ఊరు చేరుతుంది. నెలకోసారి అలా వచ్చే మనిషి ఉన్న రోగికి విడుదల రోజున జామీను ఎవరిస్తారన్న ప్రశ్న సగం తీరినట్టే. మిగతా సగం, వకీలు మిత్రులారా, మీ వాయిదా డైరీలో ఉంది.